మెదడు తరంగాల లెక్క: ఐసీయూలో పనికొస్తున్న క్యూఈఈజీ ఏడీహెచ్‌డీ దగ్గర ఎందుకు తడబడుతోంది?

క్లుప్తంగా: తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి తీసే ఈఈజీలో నమోదైన మెదడు తరంగాలను కంప్యూటర్‌తో అంకెలుగా, రంగుల పటాలుగా మార్చడాన్ని క్యూఈఈజీ అంటారు. ఒక రోగి మెదడును అదే రోగి గంట క్రితం స్థితితో పోల్చే చోట, అంటే ఐసీయూలో, ఆపరేషన్ థియేటర్‌లో, పసిబిడ్డల వార్డులో ఇది అక్కరకొస్తోంది. ఒక మనిషిని ఎందరివో సగటు లెక్కలతో పోల్చి జబ్బు పేరు పెట్టాలనుకున్న చోట మాత్రం ఆధారాలు బలహీనంగా ఉన్నాయి.

పిల్లవాడికి చదువు మీద ధ్యాస నిలవడం లేదని, ఒక చోట కుదురుగా కూర్చోవడం లేదని తల్లిదండ్రులు తిరుగుతున్నప్పుడు ఎవరో ఒకరు ఇది ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవని సమస్య) కావచ్చు, బ్రెయిన్ మ్యాపింగ్, అంటే క్యూఈఈజీ, చేయించమంటారు. పరీక్ష అయ్యాక చేతికొచ్చే రిపోర్టులో పై నుంచి చూసినట్టుండే తల బొమ్మలు వరుసగా ఉంటాయి. కొన్ని ఆకుపచ్చగా, కొన్ని నీలంగా, కొన్ని ఎర్రగా కనిపిస్తాయి. ఎరుపు చూడగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. అక్కడ మెదడు దెబ్బతిందా? మందులు వాడాలా? జీవితాంతం ఇంతేనా?

ఇదే లెక్క, ఇదే గణితం పెద్దాసుపత్రి న్యూరో ఐసీయూలో స్పృహ లేని రోగి పక్కన కూడా నడుస్తూ ఉంటుంది. అక్కడ దాన్ని చూసి డాక్టర్లు గంటల వ్యవధిలో చికిత్స మారుస్తారు. ఒకే పరీక్షకు ఒక చోట అంత విలువ, ఇంకో చోట అన్ని అనుమానాలు ఎందుకో అర్థం కావాలంటే, ఆ అంకె ఎలా పుడుతుందో ముందు చూడాలి.

గీతల నుంచి అంకెలకు

జర్మనీలోని యేనాలో మానసిక వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో తొలిసారి మనిషి తల మీద నుంచి మెదడు విద్యుత్తును నమోదు చేశారు. దాన్ని ప్రచురించడానికి ఆయన 1929 దాకా ఆగారు. ఆ విద్యుత్తు అంత చిన్నది కాబట్టి, అది నిజంగా మెదడు నుంచే వస్తోందా అన్న సందేహం ఆయన్నే చాలాకాలం వెంటాడింది. తల చర్మం మీద దొరికే తరంగాలు సాధారణంగా 10 నుంచి 100 మైక్రోవోల్టులు. గుండె ఈసీజీలో కనిపించే ఎత్తు దాదాపు ఒక మిల్లీవోల్టు, అంటే వెయ్యి మైక్రోవోల్టులు. కన్ను ఆర్పినా, పళ్లు బిగించినా పుట్టే విద్యుత్తు మెదడు తరంగాలను ముంచేయగలదు. ఈ సంగతి తర్వాత చాలా చోట్ల అడ్డం వస్తుంది.

సాధారణ ఈఈజీలో న్యూరాలజిస్ట్ ఈ గీతలను కళ్లతో చదువుతారు. క్యూఈఈజీలో కంప్యూటర్ వాటిని విడదీస్తుంది. హార్మోనియం మీద ఒకేసారి నాలుగు మెట్లు నొక్కితే వచ్చే ధ్వని విని, ఏ మెట్టు ఎంత గట్టిగా పలికిందో చెప్పడం లాంటి పని ఇది. ఫోరియర్ విశ్లేషణ అనే ఈ గణితాన్ని 1932లోనే ఈఈజీ మీద ప్రయత్నించారు. చేత్తో చేయాల్సిన లెక్క కావడంతో ముందుకు సాగలేదు. 1965లో ఆ లెక్కను కంప్యూటర్ మీద వేగంగా చేసే పద్ధతి వచ్చాక దారి సుగమమైంది.

విడదీసిన తరంగాలకు పేర్లున్నాయి. సెకనుకు నాలుగు కన్నా తక్కువ సార్లు ఊగేవి డెల్టా, 4 నుంచి 8 దాకా థీటా, 8 నుంచి 13 దాకా ఆల్ఫా, ఆపైన 30 దాకా బీటా. గాఢ నిద్రలో డెల్టా పెరుగుతుంది. కళ్లు మూసుకుని మెలకువగా ఉన్నప్పుడు తల వెనక భాగంలో ఆల్ఫా కనిపిస్తుంది. కునుకు పడుతుంటే ఆల్ఫా చెదిరి థీటా వస్తుంది.

1970ల చివర్లో అమెరికాలో రెండు పనులు జరిగాయి. న్యూయార్క్‌లో ఇ. రాయ్ జాన్ బృందం ఆరోగ్యవంతుల ఈఈజీలను వయసుల వారీగా కొలిచి, కొత్త మనిషి ఆ లెక్కకు ఎంత దూరంలో ఉన్నాడో చెప్పే పద్ధతిని 1977లో ప్రకటించింది. బోస్టన్‌లో ఫ్రాంక్ డఫీ బృందం 1979లో ఆ అంకెలను తల బొమ్మ మీద రంగులుగా పరిచింది. ఇప్పుడు చేతికొస్తున్న బ్రెయిన్ మ్యాపింగ్ రిపోర్టుకు మూలాలు ఈ రెండే.

ఐసీయూలో: నిన్నటి మెదడు, ఇవాళ్టి మెదడు

మెదడులో రక్తస్రావమై, లేదా తలకు దెబ్బ తగిలి కోమాలో ఉన్న రోగికి ఫిట్స్ వస్తే చేతులు కాళ్లు కొట్టుకుంటాయనుకుంటాం. చాలాసార్లు అలా జరగదు. న్యూయార్క్‌లోని కొలంబియా వైద్యులు 2004లో ప్రచురించిన అధ్యయనంలో, నిరంతర ఈఈజీ పెట్టిన 570 మంది రోగుల్లో 19 శాతం మందికి ఫిట్స్ కనిపించాయి. వాళ్లలో 92 శాతం మందికి శరీరం కదలని ఫిట్స్ మాత్రమే వచ్చాయి. మంచం పక్కన నిలబడి చూసేవారికి రోగి నిద్రపోతున్నట్టే ఉంటాడు. లోపల మెదడు మాత్రం కాలిపోతూ ఉంటుంది.

అందుకే ఇలాంటి వారికి రోజంతా ఈఈజీ పెడతారు. చిక్కల్లా దాన్ని చదవడంలోనే ఉంది. తెర మీద ఒక పేజీలో 10 సెకన్ల గీతలు పడతాయి. అంటే ఒక్క రోజుకు 8,640 పేజీలు. పది మంది రోగులుంటే అన్ని పేజీలూ తిప్పే న్యూరాలజిస్ట్ ఎక్కడా దొరకరు.

క్యూఈఈజీ అవసరం ఇక్కడ నిజంగా తెలుస్తుంది. గంటల కొద్దీ ఈఈజీని ఒక్క తెర మీదికి కుదించి, అడ్డంగా కాలం, నిలువుగా తరంగాల వేగం, రంగులో బలం చూపిస్తుంది. ఫిట్స్ వచ్చినప్పుడు ఆ చోట రంగు ఒక్కసారిగా మంటలా పైకి లేస్తుంది. శిక్షణ ఉన్న నర్సు కూడా దాన్ని గుర్తుపట్టి డాక్టర్‌ని పిలవగలరు. డాక్టర్ నేరుగా ఆ నిమిషానికి వెళ్లి అసలు గీతలు చదువుతారు. పుస్తకం చివర ఉండే పదసూచి లాంటిదిది. ఏ పేజీ తెరవాలో చెబుతుంది, ఆ పేజీలో ఏముందో చెప్పదు. ఛాతీకి ఫిజియోథెరపీ చేస్తున్నప్పుడు పడే కుదుపు కూడా తెర మీద ఫిట్స్‌లాగే కనిపించవచ్చు. చిన్న భాగంలో కొద్ది సెకన్లు మాత్రమే వచ్చే ఫిట్స్ అసలు కనిపించకపోవచ్చు. అందుకే క్యూఈఈజీని అసలు ఈఈజీకి తోడుగానే వాడాలి తప్ప దాని బదులు వాడకూడదని అమెరికన్ క్లినికల్ న్యూరోఫిజియాలజీ సొసైటీ 2015 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది.

రెండో ఉపయోగం ఇంకా లోతైనది. మెదడు పొరల మధ్య రక్తనాళం చిట్లిన రోగికి, ఆపరేషన్ బాగానే జరిగినా, నాలుగో రోజు నుంచి రెండు వారాల దాకా ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. రక్తనాళాలు బిగుసుకుని, మెదడులో ఒక భాగానికి రక్తం తగ్గిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు వంద గ్రాముల మెదడుకు నిమిషానికి దాదాపు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. అది 35 కన్నా కిందికి దిగితే ముందు వేగమైన తరంగాలు పోతాయి. ఇంకా తగ్గి 18 దగ్గరికి వచ్చేసరికి థీటా, ఆ కింద డెల్టా పెరుగుతాయి. 10 చుట్టుపక్కలకు వచ్చేసరికి గీత చదునైపోతుంది, కణాలు చనిపోవడం మొదలవుతుంది. అంటే తరంగాలు నెమ్మదించడానికీ కణాలు చనిపోవడానికీ మధ్య కొంత వ్యవధి ఉంది. ఆల్ఫాకూ డెల్టాకూ ఉన్న నిష్పత్తి పడిపోతుంటే, రోగి చేయి పడిపోకముందే డాక్టర్‌కి హెచ్చరిక అందుతుంది. రక్తపోటు పెంచాలా, యాంజియోగ్రామ్‌కు తీసుకెళ్లాలా అని ఆలోచించే సమయం దొరుకుతుంది.

ఈ మొత్తంలో గమనించాల్సింది ఒకటుంది. ఇక్కడ రోగిని ఎవరితోనూ పోల్చడం లేదు. ఆ రోగి ఆల్ఫా పుట్టుకతోనే కొంచెం నెమ్మదైనదా, వాడుతున్న మందుల వల్ల డెల్టా ఎక్కువగా ఉందా అన్నవి పెద్దగా అడ్డురావు, ఎందుకంటే అవి నిన్నా ఉన్నాయి, ఇవాళా ఉన్నాయి. మత్తుమందు మోతాదు మార్చకుండా నిష్పత్తి మారితే, మారింది మెదడే అని అనుకోవడానికి బలమైన కారణం ఉంటుంది.

మత్తులో, పసిబిడ్డల వార్డులో

ఆపరేషన్ థియేటర్‌లో నుదుటికి అంటించే పట్టీ, తెర మీద సున్నా నుంచి 100 దాకా ఒక అంకె. ఇదీ క్యూఈఈజీయే. బిస్ అని పిలిచే ఈ మానిటర్‌కు అమెరికాలో 1996లో అనుమతి వచ్చింది. పూర్తి మత్తులో అంకె 40కీ 60కీ మధ్య ఉండాలంటారు. ఆపరేషన్ మధ్యలో మెలకువ వచ్చి, కదలలేక, అన్నీ తెలుస్తూ ఉండిపోయే భయంకర అనుభవాన్ని తప్పించడం దీని లక్ష్యాల్లో ఒకటి. 2004లో ఆస్ట్రేలియా వైద్యుల నాయకత్వంలో ప్రమాదం ఎక్కువున్న రోగుల మీద జరిగిన పరీక్షలో ఇది అలాంటి సంఘటనలను తగ్గించింది. 2011లో సుమారు 6,000 మంది మీద జరిగిన మరో పరీక్షలో, రోగి వదిలే ఊపిరిలో మత్తు వాయువు మోతాదును జాగ్రత్తగా గమనించడం కన్నా బిస్ మెరుగని తేలలేదు.

కెటమిన్ అనే మత్తుమందు ఇస్తే మత్తు లోతుగా ఉన్నా అంకె పెరుగుతుంది. ఇంకా ఆందోళన కలిగించేది దీనికి వ్యతిరేక పరిస్థితి. 2015లో ప్రచురితమైన ప్రయోగంలో, పూర్తి మెలకువలో ఉన్న వాలంటీర్లకు కండరాలు సడలించే మందు మాత్రమే ఇస్తే అంకె 60 కన్నా కిందికి పడిపోయింది. మెలకువను కొలుస్తున్నామనుకున్న యంత్రం కొంతవరకు నుదుటి కండరాలను కొలుస్తోందన్నమాట. అనుభవం ఉన్న మత్తు డాక్టర్లు అంకెతో పాటు కింద నడిచే అసలు గీతను కూడా చూసేది ఇందుకే.

పుట్టగానే ఏడవని బిడ్డ విషయంలో కథ కొంత సులువు. 1960ల చివర్లో లండన్‌లో పెద్దల కోసం తయారైన మానిటర్ ఒకటి తర్వాత నవజాత శిశువుల వార్డుల్లో స్థిరపడింది. ఒకటి రెండు జతల ఎలక్ట్రోడ్లతో గంటల ఈఈజీని ఒక మందపాటి పట్టీలా చూపిస్తుంది. ఆ పట్టీ అడుగు అంచు 5 మైక్రోవోల్టుల పైన, పై అంచు 10 పైన ఉంటే సాధారణంగా ఊరట. అంచు పడిపోయిందంటే ఆక్సిజన్ అందక మెదడు బాగా దెబ్బతిందని సూచన. నిద్ర, మెలకువల లయ మళ్లీ మొదలైతే మంచి సంకేతం. పొట్టి ఫిట్స్ దీనికి దొరకవు, ఆ లోపం వార్డులో అందరికీ తెలిసిందే.

ఎందరితోనో పోల్చినప్పుడు

ఇక రంగుల రిపోర్టు దగ్గరికి వద్దాం. తల మీద 19 చోట్ల ఎలక్ట్రోడ్లు పెడతారు. మధ్యలో ఉన్న రంగంతా ఆ 19 బిందువుల మధ్య కంప్యూటర్ ఊహించి నింపింది. ఎంఆర్ఐ బొమ్మలా కనిపిస్తుంది కానీ లోతు అందులో లేదు.

ఎరుపు అంటే చాలా రిపోర్టుల్లో, ఆ వయసు వారి సగటు కన్నా ఈ అంకె బాగా ఎక్కువ అని అర్థం. ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది ఉండే పరిధిని మామూలుగా తీసుకుంటారు. ఆ పరిధి దాటితే రంగు మారుతుంది. అంటే ఏ ఒక్క కొలత తీసుకున్నా, పూర్తి ఆరోగ్యవంతుల్లోనే నూటికి ఐదుగురు దాటుతారు. రిపోర్టులో కొలతలు ఒకటీ రెండూ కాదు. 19 చోట్లను ఐదు రకాల తరంగాలతో (పైన చెప్పిన నాలుగింటికి తోడు మరో వేగమైన రకం) గుణిస్తే 95 అంకెలు. రెండేసి ఎలక్ట్రోడ్ల మధ్య పొందికను కూడా లెక్కిస్తే 171 జతలు, ఐదు తరంగాలకు 855. మొత్తం 950 అంకెలు. ఏ జబ్బూ లేని మనిషి రిపోర్టులో సగటున 47 అంకెలు పరిధి దాటి ఉంటాయి. ఆ ఎర్ర మచ్చల్లో దేన్నో ఒకదాన్ని బిడ్డ చదువుకు ముడిపెట్టడం చాలా తేలిక. తప్పు జరిగేది కూడా అక్కడే.

అంకె తప్పు దారి పట్టడానికి చిన్న చిన్న కారణాలు చాలు. ఊరి నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన పిల్లవాడు పరీక్ష గదిలో కళ్లు మూసుకోమనగానే కునికిపాట్లు పడతాడు, థీటా పెరుగుతుంది. తలకు కొబ్బరి నూనె ఉంటే ఎలక్ట్రోడ్ సరిగా పట్టదు. కన్ను ఆర్పితే నుదుటి దగ్గర డెల్టా పెరిగినట్టు, దవడ బిగిస్తే కణతల దగ్గర బీటా పెరిగినట్టు లెక్క వస్తుంది. క్లోనజెపామ్ లాంటి మాత్రలు బీటాను నిజంగానే పెంచుతాయి. పైగా కొందరికి ఆల్ఫా సహజంగానే సెకనుకు 7.5 దగ్గర ఉంటుంది. కంప్యూటర్ గీసుకున్న హద్దు 8 కాబట్టి ఆ ఆల్ఫాను థీటా ఖాతాలో వేస్తుంది. గీతను చూసే డాక్టర్ ఈ తేడాను క్షణంలో పట్టుకుంటారు. అసలు గీత లేకుండా పటం మాత్రమే చూసేవారికి అది ఎప్పటికీ తెలియదు.

ఏడీహెచ్‌డీ నిష్పత్తి ఏమైంది?

ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో థీటా ఎక్కువ, బీటా తక్కువ అన్న పరిశీలన పాతదే. దాని ఆధారంగా థీటా-బీటా నిష్పత్తిని కొలిచే నెబా అనే పరికరానికి అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2013లో అనుమతి ఇచ్చింది. 6 నుంచి 17 ఏళ్ల వారికి, డాక్టర్ చేసే పూర్తి పరిశీలనకు తోడుగా మాత్రమే వాడాలని ఆ అనుమతిలోనే ఉంది. ప్రచారంలో తరచూ ఎగిరిపోయేది ఈ చివరి మాటే.

అదే ఏడాది వచ్చిన ఒక సమగ్ర సమీక్ష, అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూసి, ఈ నిష్పత్తి నమ్మదగిన నిర్ధారణ సాధనం కాదని తేల్చింది. సంవత్సరాలు గడిచేకొద్దీ రెండు గుంపుల మధ్య తేడా తగ్గుతూ వచ్చింది. కారణం, ఏడీహెచ్‌డీ లేని పిల్లల్లోనూ నిష్పత్తి పెరుగుతూ రావడం. పోల్చుకునే కొలబద్దే కదులుతుంటే కొలతకు అర్థం ఏముంటుంది? 2016లో అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ, లేని జబ్బును ఉందని చెప్పే ప్రమాదం ఎక్కువని, సాధారణ పరిశీలన స్థానంలో దీన్ని వాడొద్దని సూచించింది.

ఆ ప్రమాదం ఎంతో ఒక ఊహాజనిత లెక్కతో చూడవచ్చు. వెయ్యి మంది పిల్లల్లో 50 మందికి ఏడీహెచ్‌డీ ఉందనుకుందాం. నూటికి 90 సార్లు సరిగ్గా చెప్పే పరీక్ష ఆ 50 మందిలో 45 మందిని పట్టుకుంటుంది. మిగిలిన 950 మందిలో 95 మందికి లేని జబ్బు ఉందంటుంది. పాజిటివ్ వచ్చిన 140 మందిలో మూడింట రెండు వంతుల మందికి జబ్బే లేదు. క్లినిక్‌కు వచ్చేవారిలో జబ్బు శాతం ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది, నిజమే. కానీ అక్కడ ఏడీహెచ్‌డీని వేరు చేయాల్సింది ఆరోగ్యవంతుల నుంచి కాదు. నిద్ర చాలనివారు, భయంతో ముడుచుకున్నవారు, అక్షరాలు కూడబలుక్కోవడమే కష్టమైనవారు, వినికిడి తగ్గినవారు అందరూ అదే ఫిర్యాదుతో వస్తారు. ఆ తేడా తెలిసేది తల్లిదండ్రులతో, టీచర్‌తో మాట్లాడితేనే.

రిపోర్టు తర్వాత తరచూ సూచించే న్యూరోఫీడ్‌బ్యాక్ సంగతీ చూడాలి. తెర మీద ఆట ఆడుతూ తన తరంగాలను తానే మార్చుకునే శిక్షణ ఇది. 2021లో ప్రచురితమైన అమెరికా పరీక్షలో 7 నుంచి 10 ఏళ్ల పిల్లలు 144 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు నిజమైన శిక్షణ, ఇంకో గుంపుకు అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి శిక్షణ, 38 సెషన్లు. ఎవరిది నిజమైనదో పిల్లలకు, తల్లిదండ్రులకు, శిక్షకులకు తెలియదు. రెండు గుంపులూ దాదాపు సమానంగా మెరుగయ్యాయి. వారాల తరబడి ఒక పెద్దమనిషి శ్రద్ధగా పక్కన కూర్చోవడం, కుదురుగా ఉన్నందుకు మెచ్చుకోవడం పిల్లలకు మేలు చేసి ఉండొచ్చు. ఆ మేలు తరంగాల శిక్షణ వల్లే వచ్చిందని మాత్రం రుజువు కాలేదు.

డిప్రెషన్‌కు ఏ మందు పనిచేస్తుందో ముందే చెప్పాలన్న ప్రయత్నాలూ ఇలాగే ఉన్నాయి. 2019లో వచ్చిన సమీక్ష, చిన్న చిన్న అధ్యయనాలు, అనుకూల ఫలితాలే ఎక్కువగా అచ్చు కావడం వల్ల ఈ పద్ధతి ఇంకా వైద్యానికి సిద్ధంగా లేదంది. అందులో ఆశ కలిగించే దారి ఒకటుంది. మందు మొదలుపెట్టకముందు ఒక రికార్డింగ్, వారం తర్వాత ఇంకొకటి తీసి, అదే మనిషిలో మార్పును చూడటం. ఐసీయూలో పనిచేసిన తర్కమే ఇది. ఇంకా పెద్ద పరీక్షల్లో నిలవాల్సి ఉంది.

కోర్టు దాకా వెళ్లిన తరంగాలు

భారత్‌లో మెదడు తరంగాల మీద అతి నమ్మకం ఆసుపత్రి గడప దాటింది. నేరానికి సంబంధించిన వాక్యాలు వినిపించి, నిందితుల మెదడులో ఆ అనుభవ జ్ఞాపకం ఉందో లేదో చెబుతామన్న పరీక్షను 2008లో పుణెలోని కోర్టు ఒక హత్య కేసులో సాక్ష్యంగా పరిగణించింది. ఆ పద్ధతికి శాస్త్రీయ ఆధారం చాలదని అదే ఏడాది బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్ డైరెక్టర్ నేతృత్వంలోని నిపుణుల కమిటీ చెప్పింది. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు, నార్కో, పాలీగ్రాఫ్‌లతో పాటు ఇలాంటి మెదడు పరీక్షను కూడా ఇష్టం లేకుండా ఎవరికీ చేయకూడదని తీర్పిచ్చింది. అమెరికా న్యూరాలజీ సంఘాలు 1997లోనే క్యూఈఈజీని కోర్టు వివాదాల్లో వాడటం మీద హెచ్చరించాయి. ఏడీహెచ్‌డీ, డిప్రెషన్, తలకు చిన్న దెబ్బ లాంటి వాటికి కూడా వద్దన్నది ఆ పత్రమే. ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, మూర్ఛ విషయంలో మాత్రం, ఈఈజీ చదవగల నిపుణుల చేతుల్లో, సరే అంది.

రిపోర్టులో ఏముండాలి

క్యూఈఈజీ చేయించాల్సిందేనని చికిత్స చేస్తున్న డాక్టర్ అన్నప్పుడు, ఏ ప్రశ్నకు జవాబు కోసం అని అడగడం రోగి హక్కు. మూర్ఛ అనుమానం ఉంటే మామూలు ఈఈజీయే మొదటి పరీక్ష, దానికి రంగుల పటం అక్కర్లేదు. పటం ఇస్తే దానితో పాటు ఎడిట్ చేయని అసలు రికార్డింగ్ కూడా ఇవ్వాలి. పరీక్ష వేళకు రోగి మెలకువగా ఉన్నాడా, కునుకు తీశాడా, ఏ మందులు వాడుతున్నాడు, లెక్కకు ఎన్ని నిమిషాల శుభ్రమైన రికార్డింగ్ తీసుకున్నారు, ఏ వయసు వారి డేటాబేస్‌తో పోల్చారు అన్నవి రాసి ఉండాలి. గీతలను కళ్లతో చదివిన న్యూరాలజిస్ట్ సంతకం ఉండాలి. ఇవి లేకపోతే రెండో అభిప్రాయం కోసం ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన చదవడానికి అందులో ఏమీ ఉండదు, తలస్నానం చేయించి పిల్లవాణ్ని మళ్లీ పరీక్ష గదిలో కూర్చోబెట్టాల్సి వస్తుంది.